బోధన్ చెరకు ఎందుకు పోయింది, ఆర్మూర్ పసుపు ఎందుకు నిలిచింది

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ ఇప్పుడు దుకాణాలు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లతో కిక్కిరిసిన ప్రాంతం. వాటి మధ్యనే నీలకంఠేశ్వరుడి పాత గుడి ఉంది. అక్కడి నుంచి పడమటి దారి పడితే పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా బోధన్ వస్తుంది. ఈశాన్యంగా పోతే దాదాపు అంతే దూరంలో ఆర్మూర్. రెండు దిక్కులా పడేది ఒకే వాన. రెండు దిక్కుల రైతులూ పని పడితే వచ్చేది ఈ పట్టణానికే. అయినా పంటల విషయంలో ఈ రెండు దారులూ రెండు చరిత్రలు.

బోధన్ దారిలో 1930ల చివరి నుంచి ఏడెనిమిది దశాబ్దాలు చెరకు రాజ్యమేలింది. ఇప్పుడు అటు వెళ్తే కనుచూపు మేర వరి. చెరకు తోట కోసం వెతుక్కోవాలి. ఆర్మూర్ దారిలో పసుపు తరాలుగా ఉంది, ఇప్పటికీ ఉంది. ధర పాతాళానికి పడిన ఏళ్లలో విస్తీర్ణం తగ్గింది, మళ్లీ లేచింది కానీ పంట అంతరించలేదు.

దీనికి జనం చెప్పే కారణాలు చాలానే ఉన్నాయి. ప్రభుత్వాలు పట్టించుకోలేదని కొందరు, రైతులు వరి సుఖానికి మరిగారని కొందరు, నీళ్లు లేవని కొందరు. ఒక్కోదానిలో కొంత నిజం ఉంది. వీటన్నిటి కింద మాత్రం ఒక మౌలికమైన విషయం ఉంది. కోసిన పంట పొలం నుంచి ఎంత దూరం, ఎంతసేపు ప్రయాణం చేయగలదు? భూమిని ఏ పనికి వాడుకోవాలన్నది నేల స్వభావం, నీటి లభ్యత ఎంత నిర్ణయిస్తాయో, ఈ ప్రశ్నకు వచ్చే జవాబూ అంతే నిర్ణయిస్తుంది. బోధన్, ఆర్మూర్ కలిసి ఈ సూత్రానికి కళ్ల ముందున్న ప్రయోగశాల అని నా నమ్మకం.

ఈ ప్రశ్నను మొదట లెక్కగా మార్చినవాడు ఒక రైతే. జర్మనీ ఉత్తర ప్రాంతం మెక్లెన్‌బర్గ్‌లో టెల్లో అనే ఊళ్లో యోహాన్ హైన్రిష్ ఫాన్ ట్యూనెన్ సొంత సేద్యం చేసేవాడు. ఏళ్ల తరబడి తన పొలం జమాఖర్చులు రాసి పెట్టుకుని, వాటి ఆధారంగా 1826లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. చుట్టూ ఒకే రకం నేల, మధ్యలో ఒకే పట్టణం ఉంటే రైతులు ఎక్కడ ఏం పండిస్తారు? పట్టణాన్ని ఆనుకుని పాలు, కూరగాయలు. వాటి తర్వాత వంటచెరకు అడవి, ఆ పైన ధాన్యం, అన్నిటికంటే దూరంగా పశువుల మేత బీళ్లు. నేల ఒకటే అయినా పంటలు వలయాలుగా విడిపోతాయి. త్వరగా పాడయ్యేవి, విలువకు మించిన బరువున్నవి దగ్గర ఉంటాయి. నిలవ ఉండేవి, తక్కువ బరువులో ఎక్కువ విలువ ఉన్నవి దూరం పోతాయి. ఎకరా మీద మిగిలే ఆదాయంలోంచి రవాణా ఖర్చు తీసేస్తే ఏ పంటకు ఎక్కువ మిగులుతుందో ఆ పంటే ఆ నేలను గెలుచుకుంటుంది. మానవ భూగోళ శాస్త్రంలో ఇప్పటికీ మొదటి పాఠం ఇదే.

చెరకు ఈ లెక్కలో చాలా మొండి పంట. కోసిన గడలో మూడు వంతుల దాకా నీరే. పన్నెండు, పద్నాలుగు శాతం పీచు. మనకు కావలసిన సుక్రోజ్ పది నుంచి పద్నాలుగు శాతం మధ్య ఉంటుంది. వంద టన్నుల చెరకు ఆడితే చేతికొచ్చే పంచదార పది టన్నులు. ముప్పై టన్నుల దాకా తడి పిప్పి, నాలుగైదు టన్నుల మొలాసిస్, కొంత మడ్డి వస్తాయి, మిగిలింది నీళ్లే. ఆ పిప్పిని కాల్చి వచ్చే ఆవిరితోనే మిల్లు నడుస్తుంది. పదో వంతు సరుకు కోసం తొమ్మిది వంతుల బరువును దూరాలు మోయడం దండగ గనక మిల్లే పొలాల మధ్యకు రావాలి. తయారీలో బరువు కోల్పోయే ముడిసరుకు ఉన్న పరిశ్రమ ముడిసరుకు దగ్గరే వెలుస్తుందని ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో సిద్ధాంతం చేశాడు. దానికి పాఠ్యపుస్తకాల్లో తరచూ చూపే ఉదాహరణ చక్కెర మిల్లే.

బరువు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. అసలు గడియారం గడ లోపలే ఉంది. కోసిన చెరకు వెంటనే చనిపోదు. దానిలోని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతూ పోతుంది. నాలుకకు ఆ తీపిలో తేడా తెలియదు కానీ మిల్లుకు తెలుస్తుంది. ఆ రెండూ సుక్రోజ్‌లాగా స్ఫటికం కట్టవు, మొలాసిస్‌లోకి పోతాయి. ఈలోగా కోసిన చివరల నుంచి ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా చొరబడి సుక్రోజ్‌ను తింటూ డెక్స్‌ట్రాన్ అనే జిగురును తయారు చేస్తుంది. ఆ జిగురు రసాన్ని చిక్కబరుస్తుంది, వడపోతకు అడ్డం పడుతుంది, స్ఫటికాలను వంకరగా పెంచుతుంది. ఎండకు గడ నీరు కోల్పోవడం వీటికి అదనం. అందుకే కోసిన 24 గంటల్లో గానుగలో పడాలన్నది చెరకు సేద్యంలో తప్పించుకోలేని నియమం. ఆలస్యం అయితే తూకంలో రైతుకు నష్టం, రికవరీలో, అంటే చెరకు నుంచి వచ్చే పంచదార శాతంలో, మిల్లుకు నష్టం.

చెరకు జోన్లు, కటింగ్ ఆర్డర్లు, మిల్లు గేటు ముందు బండ్ల బారులు అన్నీ ఈ 24 గంటల నుంచి పుట్టినవే. రైతు ఎప్పుడు కోయాలో మిల్లు చెప్పే పంట ఇది. వడ్లయితే పండినప్పుడు కోస్తాం. చెరకైతే ఆర్డరు వచ్చినప్పుడు కోస్తాం. రెండు మిల్లుల మధ్య కనీసం 15 కిలోమీటర్ల దూరం ఉండాలని కేంద్రం చెరకు నియంత్రణ ఉత్తర్వులోనే రాసింది. ఒకే తోట కోసం ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ చెరకు చాలదు కాబట్టి.

ఎంత చెరకు చాలుతుంది? లెక్క వేసి చూద్దాం. రోజుకు 3,500 టన్నులు ఆడే మిల్లు ఏడాదికి 150 రోజులు నడవాలంటే 5,25,000 టన్నులు కావాలి. ఎకరాకు 35 టన్నులు పండిందనుకుంటే 15,000 ఎకరాల తోట ఉండాలి. మిల్లు చుట్టూ 15 కిలోమీటర్ల వలయం గీస్తే అందులో గుట్టలు, చెరువులు, ఊళ్లతో సహా సుమారు 1,75,000 ఎకరాల నేల పడుతుంది. అంటే ప్రతి పన్నెండు ఎకరాల్లో ఒక ఎకరం ఎప్పుడూ చెరకు కింద ఉండాలి. ఇది ఒక ఏడాది ఉండి ఇంకో ఏడాది లేకపోతే కుదరదు. నాటిన తోట ఒకసారి కోశాక అదే మొదళ్ల నుంచి వచ్చే కార్శి తోటను మరో ఏడాదో రెండేళ్లో ఉంచుతారు. రైతు చెరకు నాటాడంటే రెండు, మూడేళ్ల పాటు ఆ నేలను మిల్లుకు రాసిచ్చినట్టే. మిల్లు నడుస్తుందన్న నమ్మకం లేని చోట ఎవరూ ఆ పని చేయరు.

ఇలాంటి తోటకు ఏడాది పొడవునా నీరు కావాలి కదా. బోధన్‌కు చెరకు రావడానికి ముందు నీరు వచ్చింది. మంజీర నదిపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ హైదరాబాద్ రాజ్యంలో ఆ కాలపు అతిపెద్ద సాగునీటి పథకాల్లో ఒకటి. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. మొదటి లెక్క ప్రకారం జలాశయంలో పట్టే నీరు 29 టీఎంసీలకు పైగా, సాగవ్వాల్సింది 2,75,000 ఎకరాలు. బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా కాలువ నిజామాబాద్ వైపు సాగింది. అప్పటిదాకా చెరువుల కింద వరి, చెలకల్లో జొన్న, మక్క వేసుకునే నేలకు పెద్ద కాలువ వచ్చింది.

కాలువతో పాటు మనుషులూ వచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ భూమి అమ్ముకుని ఇక్కడ దానికి ఎన్నో రెట్లు కొనుక్కున్నారు. వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ చుట్టుపక్కల వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. కాలువ సేద్యం అలవాటున్న చేతులు అవి. పొలం చదును చేయడం, గట్లు వేయడం, వరసగా నాటడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అయితే కాలువ వచ్చాక తమ భూమి విలువ ఎంత కాబోతోందో తెలియక తక్కువకు అమ్ముకున్న స్థానిక కుటుంబాలూ ఉన్నాయి. ఆ బాధ ఈ ప్రాంతంలో తరాల పాటు నిలిచింది. సాగునీటి ప్రాజెక్టుల చరిత్ర రాసేవాళ్లు టీఎంసీలతో పాటు దీన్నీ రాయాలి. భూమి ఎవరి చేతుల్లో ఉందన్నది కూడా భూ వినియోగంలో భాగమే.

డ్యామ్ పూర్తయిన ఆరేళ్లకు, 1937లో, బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒక దశలో ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా పేరు పొందింది. మిల్లుకు సొంతంగా వేల ఎకరాల చెరకు ఫారాలు ఉండేవి. పైన వేసిన పన్నెండింట ఒకటి లెక్క చూస్తే ఆ ఫారాల విలువ అర్థమవుతుంది. రైతు వేసినా వేయకపోయినా కొంత చెరకు ఖాయం. కార్మికుల క్వార్టర్లు, జానకంపేట నుంచి బోధన్‌కు రైలు శాఖ, రుద్రూర్‌లో చెరకు, వరి మీద పరిశోధన స్థానం, ఇలా నీరు, విత్తనం, రవాణా, మిల్లు ఒకే చోట అమరాయి. జిల్లాలో సారంగాపూర్ దగ్గర సహకార చక్కెర మిల్లు కూడా వచ్చింది. ఇన్ని అమరితేనే చెరకు నిలిచింది. అందులో ఏ ఒక్కటి సడలినా మిగతావన్నీ సడలుతాయన్నది తర్వాత తెలిసొచ్చింది.

ముందు సడలింది నీరు. మంజీర తెచ్చిన పూడిక నిజాంసాగర్ అడుగున పేరుకుంది. నాలుగు దశాబ్దాలు గడిచేసరికి నిల్వ సామర్థ్యం 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. నీటిమట్టం పెంచి దాన్ని 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన సింగూరు కట్టి, అందులో నీటిని హైదరాబాద్ దాహానికి కేటాయించారు. రాజధానికి తాగునీరు కావాలి, కాదనలేం. కానీ దాని ఖరీదులో కొంత భాగం మంజీర ఆయకట్టు చెల్లించిందన్నది కూడా కాదనలేం. కాలువ చివరి రైతుకు నీరు ఎప్పుడొస్తుందో తెలియని పరిస్థితి వస్తే అతను మొదట వదిలేది పన్నెండు నెలలు నీరు తాగే పంటనే. నాలుగు నెలల వరి మీద పందెం కాయొచ్చు, ఏడాది పంట మీద కాయలేడు.

తర్వాత సడలింది మిల్లు. ప్రభుత్వ సంస్థగా నడిచిన కర్మాగారంలో 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. కరవు కోరలు చాచిన 2015లో, డిసెంబర్‌లో, లేఆఫ్ పేరుతో గేట్లు మూశారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ ఆగాయి. సారంగాపూర్ సహకార మిల్లు అంతకుముందే మూతపడింది.

ఇక్కడ ముందు మిల్లు చచ్చిందా, ముందు చెరకు చచ్చిందా అని వాదించేవాళ్లను చాలామందిని చూశాను. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. చెరకు తగ్గితే మిల్లు 150 రోజులు నడవాల్సింది 70, 80 రోజులే నడుస్తుంది. జీతాలు, వడ్డీలు, మరమ్మతులు మాత్రం తగ్గవు. నష్టం వస్తుంది, రైతుల బిల్లులు ఆలస్యమవుతాయి. బిల్లు ఆలస్యమైన రైతు వచ్చే ఏడాది కార్శి దున్నేసి వరి వేస్తాడు. చెరకు ఇంకా తగ్గుతుంది. పన్నెండింట ఒకటి అనే గీత దిగువకు జారాక ఈ పతనం దానంతట అదే నడుస్తుంది, ఎవరూ తొయ్యక్కర్లేదు. మిల్లు మూతపడ్డాక మిగిలిన తోటల్లోని చెరకును కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లులకు మళ్లించారు. దూరం పెరిగింది, గడియారం మాత్రం మారలేదు.

ఇదే కథ సముద్రాల అవతల ఇంకో తెలుగు నేలలో జరిగింది. తెలుగు నేల అని ఎందుకన్నానంటే, 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఫిజీ దీవుల చెరకు తోటలకు ఓడలెక్కిన ఒప్పంద కూలీల్లో విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. ఒప్పంద వ్యవస్థ ముగిశాక అక్కడి చక్కెర కంపెనీ తన పెద్ద తోటలను పదేసి ఎకరాలుగా విడగొట్టి కౌలుకిచ్చింది. భూమి చిన్న రైతుల చేతిలో, మిల్లు కంపెనీ చేతిలో. ఆ దేశంలో రాకిరాకి దగ్గరి పెనాంగ్ మిల్లు 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపానుకు దెబ్బతిని మళ్లీ తెరుచుకోలేదు. బోధన్ గేట్లు మూసిన రెండు నెలలకే ఇది జరిగింది. అక్కడి రైతుల చెరకును బా పట్టణంలోని రరవాయ్ మిల్లుకు లారీల్లో తరలించాల్సి వచ్చింది, ఆ రవాణా ఖర్చు ప్రభుత్వం భరించాల్సి వచ్చింది. తుపానో, అప్పులో, కారణం ఏదైనా మిల్లు ఆగితే చెరకు భూగోళం మారిపోతుంది.

ఇప్పుడు ఆర్మూర్ దారి పడదాం. పసుపు కూడా ఎనిమిది, తొమ్మిది నెలల పంటే. జూన్‌లో నాటితే జనవరి నుంచి తవ్వకం మొదలవుతుంది. నీరు కావాలి, కైకిలి ఎక్కువ కావాలి, ఎరువు బాగా తింటుంది. పెట్టుబడిలో ఇది చెరకుకు ఏ మాత్రం తీసిపోదు. తేడా అంతా తవ్విన తర్వాతే ఉంది. పచ్చి పసుపును రైతు తన పొలం దగ్గరే ఉడకబెడతాడు. ముప్పావుగంట, గంట ఉడికేసరికి నురగ, తెల్లటి ఆవిరి వస్తాయి, ఆ ఘాటు వాసన ఊరంతా పట్టేస్తుంది. ఉడికినప్పుడు కొమ్ములోని పిండి పదార్థం జిగురుగా మారుతుంది, కుర్‌క్యుమిన్ రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది, మొలకెత్తే జీవం పోతుంది, ఎండే సమయం తగ్గుతుంది. పది, పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి మెరుగుపెడతారు. వంద కిలోల పచ్చి పసుపు ఇరవై కిలోల ఎండు పసుపు అవుతుంది.

గమనించండి, చెరకులాగే పసుపూ బరువు కోల్పోయే సరుకే. అయితే ఆ బరువు పొలంలోనే దిగిపోతుంది. రైతు కల్లమే పసుపుకు మిల్లు. అక్కడి నుంచి బయల్దేరిన సరుకు ఎండు సరుకు, తడి తగలకుండా చూసుకుంటే ఏడాదికి పైగా నిలవ ఉంటుంది. దానికి 24 గంటల గడియారం లేదు. నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌లోని మార్కెట్ యార్డుకు తేవచ్చు, ధర నచ్చకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకి పంపవచ్చు, తమిళనాడులోని ఈరోడ్‌కూ పోవచ్చు.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టం. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన చెరకు ధర 10.25 శాతం రికవరీ మీద క్వింటాకు 355 రూపాయలు, అంటే టన్నుకు 3,550. ఎండు పసుపు క్వింటా 12,000 అనుకుంటే టన్ను 1,20,000. సరుకును దూరం పంపడానికి టన్నుకు వెయ్యి రూపాయలు కిరాయి అనుకుందాం. చెరకు విలువలో అది 28 శాతం. పసుపు విలువలో ఒక శాతం కూడా కాదు. ట్యూనెన్ రెండు వందల ఏళ్ల కిందట చెప్పింది ఇదే. పసుపు మ్యాపులో ఎక్కడైనా బతకగలదు. చెరకు మిల్లు చిమ్నీ కనిపించే మేరకే బతుకుతుంది.

దూరాన్ని జయించినంత మాత్రాన పసుపు రైతు గెలిచాడని కాదు. ఆ రైతుకు మిల్లు యజమాని లేడు కానీ ధర చెప్పే హక్కూ లేదు. 2019లో క్వింటా ఐదారు వేలకు పడిపోతే, ఆ ఏడు నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో దేశం ఈ జిల్లా వైపు తిరిగి చూసింది. 2024లో ధర పదిహేను వేలు దాటింది. ఇంత ఊగిసలాటలోనూ రైతులు పసుపు బోర్డు కోసం పట్టుబట్టారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. నా దృష్టిలో ఆ బోర్డు చేయాల్సిన మొదటి పని కొత్త భవనాలు కాదు, పొలం దగ్గర ఉడకబెట్టే, ఎండబెట్టే పనిని మెరుగుపరచడం. పసుపు స్వాతంత్ర్యం అక్కడే ఉంది కాబట్టి.

అదే దారిలో ఉన్న అంకాపూర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. విత్తన ఉత్పత్తితో పేరు తెచ్చుకున్న ఊరు ఇది. పచ్చి మక్క కంకులు, కూరగాయలు ఇక్కడ రోడ్డు పక్కనే అమ్ముడవుతాయి. పచ్చి కంకి తీపి కోసిన గంటల్లోనే తగ్గిపోతుంది. అందుకే అది జాతీయ రహదారిని ఆనుకున్న ఊళ్లో వర్ధిల్లింది. లోపలి ఊళ్లలో ఎర్రజొన్న విత్తనం, పసుపు. ట్యూనెన్ వలయాలు ఇక్కడ పట్టణం చుట్టూ కాకుండా రోడ్డు వెంబడి పట్టీలుగా పరుచుకున్నాయి. ఇక కంఠేశ్వర్ పరిసరాల్లో, పట్టణం పొలిమేరల్లో, అన్ని పంటలనూ ఓడించే వాడకం ఇళ్ల స్థలం. నాలా మార్పిడి జరిగిన, అంటే వ్యవసాయేతర భూమిగా మారిన పొలం మళ్లీ పొలం కావడం మనం ఎన్నడూ చూడలేదు.

ఇంతకీ చెరకు ఖాళీ చేసిన చోటికి వరే ఎందుకొచ్చింది? పెసరో, సోయానో, కూరగాయలో రావచ్చు కదా. జవాబు మళ్లీ దూరమే. వరికి దూరాన్ని ప్రభుత్వం తీసేసింది. ఊరి కొనుగోలు కేంద్రంలో, 17 శాతం తేమకు మించకుండా ఆరబెట్టి కుప్ప పోస్తే మద్దతు ధర వస్తుంది. తరుగు గొడవలు, బస్తాల కొరత, లారీల ఆలస్యం ఉన్నాయి, ప్రతి సీజన్లో రైతు వీటితో విసిగిపోతున్నాడు. అయినా కొనేవాడు ఊళ్లోకే వస్తున్నాడు. 2025-26కు ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, సన్నాలకు రాష్ట్రం ప్రకటించిన బోనస్ 500. కోతకు యంత్రం ఉంది, నాట్లకు బిహార్ నుంచి కూలీలు వస్తున్నారు. చెరకు నరకడానికి మనుషులు దొరకని రోజుల్లో, ఇంట్లో ఒకరు గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలకు వరి చేతనైన పంట అయింది. దీన్ని సోమరితనం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఉన్న దారుల్లో నమ్మకమైన దారిని రైతు ఎంచుకున్నాడు.

కానీ దీనికి మనం చెల్లిస్తున్న మూల్యం ఉంది. చెరకు ఎక్కువ నీరు తాగే పంట అని నింద. ఏడాదికి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు దానికి కావాలి. వరికి ఒక్క పంటకే 1,200 మిల్లీమీటర్లు, ఆపైన. వానాకాలం, యాసంగి రెండూ వరి వేస్తే చెరకు కంటే తక్కువ తాగిందేమీ లేదు. నీరు నిలిచిన మడిలో గాలి అందని చోట బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. యాసంగి వడ్లకు ఇంకో సమస్య. గింజ ముదిరేది మార్చి, ఏప్రిల్ ఎండల్లో. ఆ వేడికి గింజలో సన్నటి పగుళ్లు ఏర్పడి, మరపట్టినప్పుడు నూకలవుతాయి. అందుకే వాటిని ఉప్పుడు బియ్యంగా మార్చాలి. ఆ బియ్యం కొనే విషయంలో 2021-22లో కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య ఎంత రభస జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన భూమి ఎంత బలహీనమో బోధన్ ఒకసారి చూసింది. అప్పుడు ఆ కొనుగోలుదారు మిల్లు, ఇప్పుడు ప్రభుత్వం.

శక్కర్‌నగర్ మిల్లును మళ్లీ తెరవాలన్న కోరిక ఈ ప్రాంతంలో చావలేదు. పునరుద్ధరణ మీద 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. మిల్లు తెరవాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ యంత్రాలకు నూనె పోసి, బాకీలు తీర్చినంత మాత్రాన మిల్లు నడవదు. ముందు చెప్పిన 15,000 ఎకరాలు ఎక్కడి నుంచి వస్తాయి? మూడు కళ్ల ముచ్చెలు నాటితే ఎకరాకు మూడు, నాలుగు టన్నుల విత్తన చెరకు పడుతుంది. అంటే ఒక ఎకరం విత్తనపు తోట సుమారు పదెకరాలకు సరిపోతుంది. 15,000 ఎకరాలకు 1,500 ఎకరాల విత్తనపు తోట, దానికి అంతకుముందు ఏడాది 150 ఎకరాలు కావాలి. ఒంటి కన్ను నారు పెంచితే విత్తనం చాలా ఆదా అవుతుంది, పని తొందరగా అవుతుంది. అయినా రైతు నాటాక కోతకు రావడానికి పది, పన్నెండు నెలలు తప్పదు.

కాబట్టి మిల్లు తెరిచే తేదీని ఎన్నికల సభలో కాకుండా, రైతుకు కనీసం రెండేళ్ల ముందు, నిజాంసాగర్ నీరు విడుదల చేసే తేదీలతో, చెరకు బిల్లు చెల్లించే గడువుతో కలిపి, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చిన రోజున వర్ని, కోటగిరి, రుద్రూర్ రైతులు తమ పన్నెండెకరాల్లో ఒక ఎకరం లెక్క వేసుకోగలరు. అది ఇవ్వకుండా వరి తగ్గించమని వాళ్లకు చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.